ప్రకాశం గారి పేరు మీదున్న ఫైలు

కరెంటు పోగానే ముందు ఫ్యాన్లు ఆగాయి, తరవాత యూపీఎస్‌ల కూత మొదలైంది, కూసి కూసి అవీ అలిసిపోయాక సత్యశ్రీ ఎదురుగా ఉన్న తెర చప్పున నల్లబడింది. నల్లబడే ముందు దాని మీద ఒక చిన్న పెట్టె ఉంది. ఈ ఫైలు జ్ఞానప్రకాశం పేరు మీద ఉంది, ఆయన పేరు కొట్టేసి విడిపించమంటారా అని అందులో అడుగుతోంది, కింద అవును, కాదు అని రెండు గళ్ళు. అవునన్న గడి మీద బాణం గుర్తు పెట్టుకుని ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలీదు. నొక్కాలనీ లేదు, మానాలనీ లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ ఉందో ఊడిందో తెలియనట్టు, ఆ శనివారం నుంచి ఆమెకి లోపలంతా అలాగే ఉంది. ఇంతలో కరెంటు వాళ్ళు ఆ పని తప్పించారు. లైను మరమ్మతుందనీ, మూడింటికి ఇస్తామనీ పొద్దున్నే చెప్పారట, కింద మిఠాయి కొట్టాయన మెట్ల దగ్గర ఆపి మరీ చెప్పాడు. సరే, మూడింటిదాకా ఎవరూ ఏమీ అడగరు. మూడు తరవాత మాత్రం నొక్కాలి. రేపు పొద్దున్న అంబాజీపేటలో కొట్లు తెరిచేసరికి ధరలు కొత్త చోటు నుంచి రావాలని వెంకటకృష్ణ గారు రాజమండ్రి నుంచి ఫోను చేసి చెప్పారు. "నీ సీట్లోంచే అయిపోద్దమ్మా, పెద్ద పాస్‌వర్డు నీ దగ్గరుంది కదా. అతను చేసిందేమన్నా ఉంటే పోద్ది. పోతే పోనీ, ఏం చేస్తాం." ఆయన మాట మంచిదే. యజమాని ఇంతకంటే మెత్తగా ఏం చెప్తాడు. పోతే పోనీ అన్న మాటే చెవిలో తేనెటీగలా ఉండిపోయింది, కుట్టడం లేదు, బయటికీ పోవడం లేదు.

అమలాపురం గడియార స్తంభానికి కాస్త ఇవతల, మిఠాయి కొట్టు పైన, కాగుతున్న నూనె వాసనలో నడిచే ఆఫీసది. పేరుకి సాఫ్ట్‌వేర్ కంపెనీ, తూగితే నలుగురు మనుషులు. చేసేది కొబ్బరి ధరల సైటు, పచ్చికాయ ఎంత, ముదురుకాయ ఎంత, లోపలే ఎండిన కురిడీ ఎంత, ఏ ఊరి కొట్లో ఎంత పలుకుతోందో వర్తకులు తమ కొట్లో కూర్చునే చూసుకోవచ్చు. సైటు ఒక చోట ఉంటుంది, ధరలు ఇంకోచోట ఉంటాయి. ధరలు చెప్పే సర్వీసు ప్రకాశం గారు రాసింది, పరీక్షకని తన కంప్యూటర్లోనే పెట్టుకున్నాడు, పరీక్ష కాస్తా పెళ్ళయి కూర్చుంది, ఇంక అక్కణ్ణించి కదల్లేదు. సైటు వెళ్ళి ఆ సర్వీసుని అడగాలంటే దానికి చిరునామా కావాలి, అక్కడ ఎవర్ని ఏ మాటతో పలకరించాలో తెలియాలి. ఊరెళ్ళే పిల్లకి నాయనమ్మ చెప్పినట్టు, ఫలానా రేవులో దిగు, ఫలానా వారి ఇల్లేదని అడుగు, వెళ్ళగానే మావయ్యగారూ బాగున్నారా అను, అదంతా కలిపి కట్టిన మూటనే వెబ్ రిఫరెన్స్ అంటారు. మూట కట్టేది కంప్యూటరే. సర్వీసులో ఏదన్నా మారితే మాత్రం మనిషి కూర్చుని మళ్ళీ కట్టించాలి. ఒకసారి ఆమే, ప్రకాశం గారూ చెరోవైపూ కూర్చుని ఒకేసారి కట్టించేశారు. మర్నాడు అంబాజీపేట నుంచి ఒక వర్తకుడు ఫోను చేశాడు. "ఏవండీ, పచ్చికాయ కురిడీ రేటు పలుకుతోందా? చెట్టు మీదే ఎండిపోయి మరీ దిగమని మా కాయలికి చెప్పమంటారా?" ఆ గోదారి ఎటకారానికి వెంకటకృష్ణ గారి చెవులు సాయంత్రందాకా ఎర్రగానే ఉన్నాయి. ఆ తరవాతే ఆఫీసులో కోడంతా ఒకచోట దాచే ఏర్పాటు వచ్చింది. దానికి అసలు పేరేదో ఉంది గానీ ఆయన వాళ్ళమ్మమ్మ గారి పెట్టె పేరు పెట్టి భోషాణం అన్నారు, అందరికీ అదే అలవాటైంది. భోషాణంలోంచి ఒక ఫైలు ఎవరు తీసుకుంటే వాళ్ళ పేరు దాని పక్కన ఎర్రగా పడుతుంది, మళ్ళీ వాళ్ళు తిరిగి వేసేదాకా ఇంకొకళ్ళు ముట్టుకోవడానికి లేదు. సైటు మూల గదిలో సర్వరు మీద నడుస్తుంది, దానికీ ప్రకాశం గారి కంప్యూటరుకీ భోషాణానికీ కలిపి పెద్ద బ్యాటరీలున్నాయి, అవి కూడా ఇందాకే చాలించుకున్నాయి.

నిశ్శబ్దంగా ఉందేంటా అనుకుంది. ఫ్యాన్లు ఆగితే వచ్చే నిశ్శబ్దం కాదిది, రోజూ ఉండేదేదో లేదు. అప్పుడు తెలిసింది, ఎదుటి టేబులు కింద ఆయన సిస్టమ్ ఆగిపోయింది. ఆయన పోయినా అది ఆగలేదు, ఆపితే ధరలు ఆగిపోతాయి కదా, ఎవరూ స్విచ్చి మీద చెయ్యి వెయ్యకండి అని వెంకటకృష్ణ గారు కాగితం రాసి అంటించారు. చూడ్డానికి వచ్చిన వర్తకులు ఆ కాగితం చూసి, పోయిన మనిషి మీద ఎంత ప్రేమండీ అని నిట్టూర్చి వెళ్ళారు. ఉండే ఉంటుంది ప్రేమ, కొబ్బరి రేట్లతో పాటు. ఇన్నాళ్ళూ ఆ రొద వింటూ పని చేసింది. గొంతులో కాస్త గీర ఉన్న రొద, లోపలి చిన్న ఫ్యాను పాతది, మారుస్తానంటూనే మార్చలేదు. ఆ రొద ఉన్నంతసేపూ ఆయన టీకి కిందికి వెళ్ళినట్టే ఉండేది. ఇప్పుడు లేదు. అయినా ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం చూసి తనమీద తనకే ఒకరకం భయం వేసింది, అదీ ఎక్కువసేపు నిలవలేదు. మెడ మీద చెమట పట్టింది, చున్నీతో తుడుచుకుంది. కింద జిలేబీ బాణలిలో నూనె చిటపటమంటోంది.

ఆయన మోనిటరు మీద చిప్ప ఉంది. వెంకటకృష్ణ గారు అప్పనపల్లి బాలబాలాజీ దగ్గర కొట్టించి తెచ్చిన కొబ్బరికాయలో సగం చెక్క అది. ప్రసాదం ముక్కలు అందరూ తిన్నారు, ప్రకాశం గారు అందరికంటే రెండు ముక్కలెక్కువే తిన్నాడు, మా యేసయ్య కొబ్బరి వద్దనలేదండీ అంటూ. మిగిలిన చిప్పని తుడిచి మోనిటరు మీద బోర్లించాడు. "భోషాణం చెప్పేది తెర మీద కనపడాలంటే మూడు చోట్ల నొక్కాలండి. ఇదైతే కళ్ళకే కనపడద్ది. రిఫరెన్సు మూట ఎవరి దగ్గరుంటే చిప్ప వాళ్ళ మోనిటరు నెత్తిన ఉండాలి. కావలసినవాళ్ళు వచ్చి అడగాలి." చిప్ప చేతికొచ్చింది అంటే ఎవరికైనా కష్టమే, ఆ ఆఫీసులో మాత్రం చిప్ప చేతికొచ్చినవాళ్ళకే పని. వెంకటకృష్ణ గారు కూడా ఆ టేబులు దగ్గరికి వచ్చి నిలబడి, చిప్ప ఇస్తారా అండీ అని అడిగి తీసుకునేవారు. ఎక్కువ అడిగింది మాత్రం సత్యశ్రీయే. ఎందుకంటే ధరల సర్వీసు ఆయనది, దాన్ని అడిగే పేజీలు ఆమెవి, వారంలో నాలుగుసార్లు మూట విప్పి కట్టాల్సిందే. దానికి తోడు ఆ మూటలో చిరునామా ఆయన కంప్యూటరు పేరుతో కోడులోనే గట్టిగా బిగించి ఉంది. దాన్ని బయటికి తీసి, విడిగా సెట్టింగుల్లో పెట్టుకుంటే ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఎవర్నీ అడగనక్కర్లేదు, చిటికెలో అయ్యే పని. ఆమె ఎన్నోసార్లు చెప్పింది. "బయట పెట్టెయ్యచ్చు కదండీ." "పెట్టెయ్యచ్చండి." "మరి?" "పెట్టేస్తే మీరెందుకొస్తారండీ ఇక్కడికి?" తెరకేసి చూస్తూనే అన్నాడా మాట. ఆమె చిప్ప పుచ్చుకుని తన సీటుకి వచ్చేసింది, ఆ రోజు మూట రెండుసార్లు తప్పుగా కట్టింది.

అంతే, దానికే ప్రేమ అని పేరు పెట్టుకోవాలేమో. సినిమాకి వెళ్ళింది లేదు, గోదావరి గట్టున కూర్చుంది లేదు, మీరూ అండీ అన్నవాళ్ళు నువ్వు అన్నదీ లేదు. ఆయనది రాజోలు దగ్గర పేట, చర్చి వెనకిల్లు. ఆమెది ముమ్మిడివరం పక్క తోటల్లో ఇల్లు, వాళ్ళ నాన్న ఇప్పటికీ పేట నుంచి వచ్చిన మనిషికి అరుగు మీద కుర్చీ వెయ్యడు, మంచివాడే, మాట మెత్తనివాడే, కుర్చీ మాత్రం వెయ్యడు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు గనక ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఎవరికీ తెలియని వ్యవహారానికి ఒక సుఖం ఉంది, ఎవరూ అడగరు. అదే తరవాత శిక్ష అవుతుందని ఎవరనుకుంటారు. ఆయన పోయాక చర్చివాళ్ళు ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూడికకి ఆఫీసంతా కలిసి ఆటోలో వెళ్ళారు. షామియానా కింద ఆడవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చుంది, పాస్టరు గారు చదివింది విన్నది, పాటప్పుడు అందరూ లేస్తే లేచింది, భోజనాలప్పుడు పెట్టింది తిన్నది, ఇంకాస్త వెయ్యమంటారా అంటే వెయ్యమంది కూడా. ఏడ్చే హక్కున్నవాళ్ళు ముందు వరసలో ఏడుస్తున్నారు. బయల్దేరేటప్పుడు ఆయన తల్లి గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుంది. "ఆఫీసులో మావోడి సామానేమన్నా ఉండిపోయిందామ్మా?" టిఫిను డబ్బా, గొడుగు అప్పటికే పంపించేశారు. "ఏమీ లేదండీ" అంది. ఆవిడ చెయ్యి వదల్లేదు, ఇంకేదో అంటుందేమో అనుకుంది, ఎవరో పిలిస్తే లోపలికి వెళ్ళింది. ఆటోలో వస్తూంటే గుర్తొచ్చింది, ఒక ఫైలుంది, ఆయన పేరు మీద. తల్లికి ఎలా చెప్తారది.

మెట్ల మీద చప్పుడైతే తలెత్తింది. సూర్యావతి, ఆఫీసు ఊడ్చి, టీలు పోసి, తాళాలు వేసుకునే మనిషి. తడిగుడ్డ బకెట్లో ముంచి పిండుతూ, "చీకట్లో కూర్చున్నారేంటండీ, బాల్కనీలోకి రండి, గాలొస్తంది" అంది. "వస్తానండి" అంది సత్యశ్రీ, కదల్లేదు. సూర్యావతి టేబుళ్ళన్నీ వరసగా తుడుచుకుంటూ వచ్చి ప్రకాశం గారి టేబులు దగ్గర ఆగి, దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళింది. రోజూ అంతే చేస్తోంది, గుడ్డ తగిలి ఏ వైరో ఊడితే ధరలన్నీ పోతాయని ఆవిడ భయం. అందుకే ఆ టేబులొక్కటీ దుమ్ము పట్టిపోయింది, మోనిటరు మీద, మీటల మీద, ఆయన రాసుకునే పెన్సిలు మీద. "ఇప్పుడు ఆగిపోయింది కదండీ, తుడవమంటారా?" అంది. "వద్దండి, ఉండనివ్వండి." సూర్యావతి గుడ్డ భుజాన వేసుకుని ఆ కుర్చీకేసి చూసింది. "ఆ రోజు మీరు దిగి వెళ్ళేక కూడా శానాసేపు ఇక్కడే ఉన్నారండి. తలుపేసుకోవాలండీ, పనుందా అంటే, ఆయ్, ఉందండీ, కూసేపు అన్నారు. పనేం లేదు పాడూ లేదు, చేతులు కట్టుకుని గుమ్మంకేసి చూసుకుంటా కూర్చున్నారు. వాన మొదలయ్యేక ఇంక రార్లెండి అని లేచేరు." ఎవరు రారని అడగలేదు సత్యశ్రీ. అడిగితే వినాల్సి వస్తుంది. బుగ్గ మీద సూది మందు ఇంకా ఉంది, మందు దిగిపోతే నొప్పి ఎలా ఉంటుందో పన్ను పీకించుకున్నవాళ్ళకి తెలుసు.

ఆ ముందురోజు, శుక్రవారం, ఆమె మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూంటే ఆయన వెనకాలే వచ్చాడు. "బావగారు వీసా పంపించేరండి. దోహా. ఏం చెయ్యమంటారు?" చెప్పు పట్టీ పెట్టుకుంటూనే అంది, "నన్నడుగుతారేంటండీ, మీ ఇష్టం." "ఉండమంటే ఉంటానండి." అప్పుడు ఒక్క మాట అంటే అయిపోను. కానీ ఆమెకి పౌరుషం అడ్డొచ్చింది. అడిగించుకుని ఉండడమేంటి, ఉండాలని ఉంటే తనే ఉండాలి, వాళ్ళ నాన్న అరుగు మీదకి వచ్చి కుర్చీ వేసినా వెయ్యకపోయినా నిలబడి మాట్లాడాలి, అది కదా మగతనం అనుకుంది. "వెళ్ళండి. అందరూ వెళ్తున్నారు కదా" అంది. ఆయన మొహం చిన్నబోయింది. "సరేలెండి. రేపు ఆ చిరునామా బయట పెట్టేస్తాను. ఇంక మీకు నా టేబులు దగ్గరికి రావలసిన పనుండదు." శనివారం పొద్దున్న కురిడీకి కొత్త గడి వచ్చిందని మూట తెరవబోతే ఫైలు పక్కన ఎర్రగా ఆయన పేరు. తలెత్తి చూస్తే చిప్ప ఆయన నెత్తిన. అన్నంత పనీ చేస్తున్నాడన్నమాట, అనుకుంది, నన్ను వదిలించుకోడానికి ఎంత తొందర. వెళ్ళి అడగలేదు. వేరే పని పెట్టుకుంది, భోజనం తలుపు వైపు తిరిగి తిన్నది, సాయంత్రం బ్యాగు తగిలించుకుని ఆయన టేబులు పక్కనుంచే నడిచి, ఏదో తలనొప్పి ఉన్నట్టు నుదురు పట్టుకుని దిగిపోయింది. వెనకనుంచి చూపు తగులుతోందని తెలుస్తూనే ఉంది. ఇంటికి వెళ్ళాక వాన. అంబాజీపేట దాటాక కాలవ గట్టు మలుపులో బండి జారిందని ఆదివారం వెంకటకృష్ణ గారు ఫోను చేశారు. ఫోను పెట్టేసి వాళ్ళమ్మకి సాయంగా పప్పు రుబ్బింది. అప్పటినుంచీ ఆమె దగ్గర మిగిలింది ఒకటే, ఆయన ఆఖరున చేసిన పని నన్ను వదిలి వెళ్ళడానికి దారి చేసుకోవడం. అది ఆ కంప్యూటర్లో ఉంది. విడిపిస్తే చెరిగిపోతుంది. చెరిగిపోతే మంచిదే కదా అనుకుంది, చూడకుండా చెరిపేస్తే అది లేనట్టే కదా, కానీ ఉన్నట్టు తనకి తెలుసు కదా. అటు తిప్పి ఇటు తిప్పి ఇదే.

చిన్నప్పటి తెల్లారుగట్ట ఒకటి ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది. పెదనాన్న నారాయణమూర్తి గారు తన నీళ్ళ వంతు నడుస్తూండగా పోయారు. చేలకి నీళ్ళు తెచ్చే వాళ్ళ బోదె మీద వంతంటే వంతే. వంతులో ఉన్నవాడి తూము ఇంకొకడు తాకితే తలలు పగిలేవి. మనిషి పోయాడు, శవం ఇంట్లో ఉంది, నీళ్ళు మాత్రం ఆయన చేలోకి పారుతూనే ఉన్నాయి, నిండి గట్టు పొర్లుతున్నాయి, కింద చేల వాళ్ళు గట్టు మీద వరసగా నిలబడి చూస్తున్నారు, ఒక్కడూ తూము తలుపు దించడు. నాన్న కూడా దించలేదు. "వంతు మధ్యలో పోయినవాడి తూము పైవాళ్ళు మూస్తే దొంగతనం కింద లెక్కమ్మా. ఇంటి మనిషి చెయ్యి పడాలి" అన్నాడు. తమ్ముడు కూడా పైవాడే ఆ లెక్కన. చివరికి పెద్దమ్మ వచ్చింది, ఇద్దరాడవాళ్ళు రెక్కలు పట్టుకుంటే, తడిచీర కాళ్ళకి చుట్టుకుంటూంటే, బోదె గట్టున వంగి, తూము చెక్క రెండు చేతులా కిందికి నొక్కింది. నీళ్ళు ఆగాయి. అప్పటిదాకా ఏడవని పెద్దమ్మ చెక్క వదిలి అక్కడే కూలబడి కేక పెట్టింది. చిన్న సత్యశ్రీ గట్టు మీద వేపపుల్ల నోట్లో పెట్టుకుని చూస్తూ, నీళ్ళాగితే ఏడుస్తారేంటి అనుకుంది. నాన్న ఎన్నోసార్లు చెప్పిన కథే, ఆయనకది న్యాయం గురించిన కథ. ఇంటి మనిషి చెయ్యి పడాలి. తన సీట్లో కూర్చుని పెద్ద పాస్‌వర్డుతో అవును అని నొక్కితే పైవాళ్ళు మూసినట్టే. కానీ తను ఎవరని, ఏ ఇంటి మనిషని.

ఫ్యాను కిర్రుమని ఒక చుట్టు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ట్యూబులైట్లు మిణుకుమిణుకుమన్నాయి. మూల గదిలో సర్వరు ఊపిరి పోసుకుంది, వర్తకుల కోసం అది దానంతటదే లేస్తుంది. ఎదుటి టేబులు కింద ఏ చప్పుడూ లేదు, దాన్ని మనిషి నొక్కాలి. సత్యశ్రీ లేచింది. లేవాలనుకుని లేచింది కాదు, ఎవరో రెక్క పట్టుకుని లేపినట్టు లేచింది. రెండు టేబుళ్ళ మధ్య ఎన్నిసార్లు నడిచిందో ఆ జాగా, కాళ్ళకి వచ్చు. వంగి స్విచ్చి నొక్కింది. పాత ఫ్యాను గొంతు గీరగా మొదలైంది. కుర్చీలో కూర్చోలేదు, నిలబడే మౌస్ పట్టుకుంది, దుమ్ము అరచేతికి అంటింది. కంప్యూటరు తెరవడానికి ఆఫీసులో అందరికీ ఒకటే పాస్‌వర్డు, కింద మిఠాయి కొట్టు పేరు. భోషాణం తెరిచింది. మూట పక్కన ఎర్రగా ఆయన పేరు. భోషాణంలో ఉన్న పాత కాపీనీ, ఆయన తీసుకుని ఇక్కడ దిద్దుకున్న కాపీనీ పక్కపక్కన పెట్టి చూపించే ఏర్పాటొకటి ఉంది. మారిన వరసలు రంగుల్లో కనబడతాయి. ఈ మీట నొక్కితే ఆయన వెళ్ళిపోవడం రంగుల్లో కనబడుతుంది. చూసి మూసేద్దాం. ఎవరో ఒకళ్ళు చూడాలి కదా ఆయన ఆఖరి పని.

నొక్కింది. తెర రెండుగా చీలలేదు. రంగులేమీ రాలేదు. ఒక చిన్న పెట్టె వచ్చింది, రెండు ఫైళ్ళూ ఒకటే, తేడా ఏమీ లేదు అని.

తనే తప్పు నొక్కాననుకుని మళ్ళీ చూసింది. మూటలో ఉన్న ఫైళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా చూసింది. అదే మాట. చిరునామా ఎక్కడున్నది అక్కడే ఉంది, ఆయన కంప్యూటరు పేరుతో, కోడులో బిగించి. ఒక అక్షరం కదపలేదు, ఒక చుక్క పెట్టలేదు. పొద్దున్నే వచ్చి ఫైలు తీసుకున్నాడు, చిప్ప నెత్తిన పెట్టుకున్నాడు, సాయంత్రందాకా దాన్ని తెరవను కూడా తెరవలేదు. మరెందుకు తీసుకున్నాడు. ఆ రోజు ఆ ఫైలుతో పని ఆమెకే ఉంది, కురిడీ గడి ఆమెదే, ఆ సంగతి ఆయనకి తెలుసు. తీసుకుని పెట్టుకుంటే ఆమె రాక తప్పదు. వచ్చి అడగక తప్పదు. గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నాడు, ఆమె దిగి వెళ్ళాక కూడా, మర్చిపోయి మళ్ళీ వస్తుందేమోనని, వాన పడేదాకా. ఇంక రార్లెండి. ఆమె ఒక్కసారి ఈ నాలుగడుగులూ నడిచి అడిగి ఉంటే ఆయన వానకి ముందే రాజోలు చేరేవాడు. ఇన్నాళ్ళూ సూది మందు వేసి దాచుకున్న మాట ఇదే. ఎవరూ అనలేదు, ఎవరూ అనరు, ఎవరికీ తెలియదు కూడా.

ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, ఎప్పుడూ నిలబడే చోటే, ఎప్పుడూ అడిగే గొంతుతోనే, "చిప్ప ఇస్తారా అండీ" అంది.

గుమ్మం దగ్గర టీ గ్లాసుతో నిలబడ్డ సూర్యావతి తననే అడిగిందనుకుంది. "తీసుకోండమ్మా" అంది. "మీరడిగితే ఆయన కాదన్నదెప్పుడు?"

చిప్ప తీసింది. తేలిగ్గా ఉంది. దుమ్ము పట్టిన మోనిటరు మీద చిప్ప బోర్లించిన మేర గుండ్రంగా నల్లగా, శనివారం నాటి శుభ్రంతో మిగిలి ఉంది. ఆమె దానికేసి చూస్తూనే మౌస్ పట్టుకుని, ఆయన సిస్టమ్‌లోంచే, ఆయన పేరుతోనే, ఫైలు విడిపించమని చెప్పింది. తన సీటు నుంచి అడిగినన్ని ప్రశ్నలు ఇక్కడ అడగలేదది. మార్పులుంటే పోతాయని హెచ్చరిస్తుంది, మార్పులే లేవు గనక హెచ్చరిక కూడా లేకుండా ఎర్రటి పేరు తీసేసింది. చేతి కింద తూము చెక్క దిగినట్టయింది.

ఫోను మోగింది. వెంకటకృష్ణ గారు. "కరెంటొచ్చిందా అమ్మా? విడిపించేవా?"

"ఆయ్. విడిపించేనండి. కొత్త చిరునామా ఇప్పుడే పెట్టేస్తాను."

"అతను చేసిందేమన్నా పోయిందా?"

"లేదండీ" అంది సత్యశ్రీ. "ఆయనేమీ మార్చలేదండి. ఎలా ఉన్నది అలాగే ఉంచేరు."

ఫోను పెట్టేసి, చిప్ప ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. సూర్యావతి టీ టేబులు మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసింది.